డీడీ కేసులో దొరికాక: చీటీ, కోర్టు, వకీలు

డ్రంకెన్ డ్రైవ్ (డీడీ) మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చి, ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. మన దేశపు కేసులకు ఆధారం మోటారు వాహనాల చట్టం, 1988. దానికి 2019లో చేసిన సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

ప్రశ్న: శనివారం రాత్రి పంజాగుట్ట దగ్గర బైకు ఆపి ఊదమన్నారు. 48 వచ్చింది. చీటీ మీద సంతకం పెట్టించుకుని, ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు. ఆ తర్వాత కోర్టుకట. ఆఫీసులో అందరూ ‘వెళ్లి తప్పయిందని చెప్పి ఫైన్ కట్టెయ్, అరగంట పని’ అంటున్నారు. నిజంగా అంతేనా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అరగంట పనే. కానీ ఆ అరగంటలో మీరు ఒక నేరాన్ని ఒప్పుకుంటున్నారు. హెల్మెట్ చలానాకూ దీనికీ ఉన్న తేడా అదే. చలానా చాలావరకు సెక్షన్ 200 కింద డబ్బు కట్టి రాజీ చేసుకునేది. తాగి నడపడం సెక్షన్ 185 కిందికి వస్తుంది, దానికి రాజీ లేదు. ఆన్‌లైన్లో కట్టేయడానికి వీల్లేదు, మేజిస్ట్రేటు ముందు నిలబడాల్సిందే. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. ఇదివరకు మూడేళ్లలోపు మళ్లీ దొరికితేనే రెండోసారిగా లెక్క. 2019 సవరణ ఆ మూడేళ్ల గడువును తీసేసింది. అంటే ఈరోజు ఒప్పుకున్నది పదేళ్ల తర్వాత కూడా మీ మొదటి కేసుగా నిలిచే ఉంటుంది.

హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. దాన్ని మించితేనే నేరం. సరిగ్గా 30 ఉంటే మించినట్టు కాదు, 31 అయితే మించినట్టే. మీ 48 మీద ‘నేను బాగానే నడుపుతున్నాను సార్, తూలలేదు’ అనే వాదన పనికిరాదు. మద్యం విషయంలో చట్టం అంకెనే చూస్తుంది, నడకను చూడదు. గంజాయి వంటి మత్తుపదార్థాల విషయంలోనే బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నారని చూపాలి.

కోర్టుకు వెళ్లేలోపు చేయాల్సిన పని, కాగితాలు తెప్పించుకుని చదవడం. మిషన్ ప్రింటు చీటీలో తేదీ, సమయం, మిషన్ సీరియల్ నంబరు, మీ పేరు, రీడింగ్ ఉంటాయి. చాలా మిషన్లలో చివరి క్యాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) ఎప్పుడు చేశారో, మళ్లీ ఎప్పుడు చేయాలో కూడా వస్తుంది. మీరు ఊదడానికి ముందు మిషన్ ఖాళీ గాలిని కొలిచి సున్నా చూపించాలి. ముందు ఊదినవాడి మద్యం గొట్టంలో మిగిలి ఉంటే అది మీ లెక్కలోకి వస్తుంది. అందుకే ప్రతి మనిషికీ కొత్త మౌత్‌పీస్ పెట్టాలి. చీటీ మీద సమయానికీ ఛార్జిషీటులో రాసిన సమయానికీ పొంతన ఉందా? బండి నంబరు మీదేనా? ఆపిన అధికారి యూనిఫారంలో ఉన్నట్టు రాశారా? సెక్షన్ 203 అడిగేది యూనిఫారంలో ఉన్న పోలీసునో, రవాణా శాఖ అధికారినో. ఇవన్నీ చిల్లర విషయాల్లా కనిపిస్తాయి గానీ, డీడీ కేసు గెలిచేదీ ఓడేదీ వీటి మీదే. ‘సెంటిమెంటుగా చెప్పుకుంటే జడ్జిగారు వదిలేస్తారు’ అన్నది వకీళ్ల గదుల బయట పుట్టిన మాట.

కాగితాలన్నీ శుభ్రంగా ఉండి, 48 దగ్గర రీడింగ్ వచ్చి, ప్రమాదం ఏదీ లేకపోతే ఎక్కువమంది నేరం ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడుతున్నారు. అది తప్పు నిర్ణయమేమీ కాదు. కానీ రీడింగ్ 30కి దగ్గరగా ఉన్నా, చీటీలో పైన చెప్పిన లోపం కనిపించినా, మీరు డ్రైవింగే వృత్తిగా బతుకుతున్నా, త్వరలో వీసాకు వెళ్లాల్సి ఉన్నా ఒప్పుకోకముందు వకీలుతో ఒక పూట కూర్చోండి. నేరం ఒప్పుకున్నాక అప్పీలులో ‘నేను తాగలేదు’ అనలేరు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు వెళ్లగలరు. ఒప్పుకునేట్టయితే, మొదటి తప్పుగా భావించి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 సెక్షన్ 3 కింద మందలింపుతో విడిచిపెట్టమని వకీలు చేత అడిగించండి. ఇవ్వడం కోర్టు ఇష్టం. కానీ అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

కౌన్సెలింగ్‌ను మాత్రం ఎగ్గొట్టకండి. హైదరాబాద్‌లో గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లలో జరుగుతుంది. ఆధార్, లైసెన్సు, ఇంట్లోవాళ్లు వెంట ఉండాలి. అది శిక్ష కాదు, అక్కడ హాజరైతే కేసు పోదు కూడా. ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక కేసును గుర్తించే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు వస్తుంది. ఈకోర్ట్స్ యాప్‌లో దానితో వాయిదా తేదీ చూసుకోండి. ‘మళ్లీ ఫోన్ చేస్తాం’ అన్న మాట నమ్మి కూర్చుంటే, రాకపోయినందుకు వారంటు వస్తుంది.

జైలు పడుతుందా అన్నది మీరు అడగలేదు గానీ, ఉత్తరంలో వరసల మధ్య కనిపిస్తూనే ఉంది. నగర కోర్టుల్లో రీడింగ్ వంద దాటి ఎక్కడికో పోయినవాళ్లకు, రెండోసారి దొరికినవాళ్లకు కొద్ది రోజుల జైలు వేయడం మామూలే. 48తో మొదటిసారి అయితే ఆ భయం తక్కువ. విశాఖలో కోర్టు ఇలాంటివాళ్ల చేత బీచ్ శుభ్రం చేయించిన సందర్భం కూడా ఉంది.

ప్రశ్న: పెళ్లి విందులో రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి ఒక క్వార్టరు, ఒక పెద్ద స్ట్రాంగ్ బీరు తాగాను. పన్నెండింటికి పడుకుని, పొద్దున ఆరున్నరకు కారు తీశాను. రాజమండ్రి బయట ఆపితే 62 చూపించింది. నిద్రపోయి లేచినవాడికి అంత ఎలా వస్తుంది? మిషన్ తప్పే కదా? దానికితోడు దగ్గుకు అరిష్టం తాగుతున్నాను.
— ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: లెక్క వేద్దాం. మన విస్కీ, బ్రాందీల్లో మద్యం 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో ఉన్న అసలు ఆల్కహాలు సుమారు 61 గ్రాములు. 8 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 41 గ్రాములు. కలిపితే 102. మీ బరువు 70 కిలోలనుకుంటే రక్తంలో సుమారు 214 మిల్లీగ్రాముల స్థాయికి చేరుతుంది. కాలేయం గంటకు సుమారు 15 తగ్గిస్తుంది, కొందరిలో 10, కొందరిలో 20. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరున్నర దాకా తొమ్మిదిన్నర గంటలు. తగ్గింది 140 చిల్లర, మిగిలింది 70. మిషన్ 62 అన్నది. మీకు కొంచెం మేలే చేసింది.

ఈ లెక్కన 30 కిందికి దిగాలంటే పొద్దున తొమ్మిదిన్నర దాకా ఆగాల్సింది. చన్నీళ్ల స్నానం, మజ్జిగ, కాఫీ, నిమ్మకాయ ఇవేవీ ఆ గంటకు పదిహేనును పదహారు చేయవు. ఒక్క పెద్ద పెగ్గు, అంటే 60 మిల్లీలీటర్లు, అదే బరువున్న మగవాడిని 42 దాకా తీసుకెళుతుంది. ‘ఒక్కటేగా’ అన్నవాళ్లు కూడా దొరకడానికి కారణం అది. అదే బరువున్న స్త్రీకి అంకె మరో నాలుగో వంతు పెరుగుతుంది.

అరిష్టం సంగతి: అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి తయారుచేసేవి, వాటిలో ఆల్కహాలు నిజంగానే ఉంటుంది. మౌత్‌వాష్‌లో, కొన్ని హోమియో మందుల్లో కూడా. కానీ రెండు చెంచాలు రక్తంలో 62 తెప్పించలేవు. వాటి గొడవ వేరు: నోట్లో మిగిలిన తడి మిషన్‌కు కొన్ని నిమిషాలు పెద్ద అంకె చూపిస్తుంది. నోరు పుక్కిలించి పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదితే పడిపోతుంది. నిజంగా ఆ కారణం ఉంటే ఆ క్షణంలోనే ‘ఫలానా మందు ఇప్పుడే తాగాను, పదిహేను నిమిషాలాగి మళ్లీ తీయండి’ అనాలి. సీసా, బిల్లు చూపించాలి, రాసుకొమ్మనాలి. నెల తర్వాత కోర్టులో గుర్తొచ్చిన అరిష్టాన్ని ఎవరూ నమ్మరు. మీ కేసులో క్వార్టరు, బీరు అని మీరే రాశారు కాబట్టి ఆ దారి మూసేద్దాం.

ప్రశ్న: ఊదనని నిరాకరించవచ్చా? ఆడవాళ్లకు ఏమైనా ప్రత్యేక రక్షణ ఉందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అనుమానానికి కారణం ఉండి అడిగినప్పుడు నిరాకరిస్తే సెక్షన్ 203 కింద వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. స్టేషన్లో ఊదడానికి మళ్లీ అవకాశం ఇవ్వాలి. అప్పుడూ కాదంటే సెక్షన్ 204 కింద డాక్టరు చేత రక్తం తీయిస్తారు. సరైన కారణం లేని నిరాకరణను మీకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యానికి బలంగా తీసుకోవచ్చని సెక్షన్ 205 చెబుతోంది. కాబట్టి నిరాకరణ వల్ల లాభం లేదు. ఆస్తమా వంటి జబ్బు వల్ల ఊదలేకపోతే ఆ మాట చెప్పి, రక్త పరీక్ష చేయమని మీరే అడగండి.

రక్తం తీసేది మగ డాక్టరైతే పక్కన ఒక స్త్రీ ఉండి తీరాలి. అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే విడిచిపెట్టాలి, ఇది సెక్షన్ 202. ఈ రెండు గంటల నిబంధనను చాలామంది తప్పుగా పట్టుకుంటారు. రోడ్డు మీద ఊదించి, నోటీసిచ్చి పంపేసిన కేసుల్లో అరెస్టు లేదు కాబట్టి అది వర్తించదు.

ప్రశ్న: మా బావమరిదికి నా కారు ఇచ్చాను. తాగి నడుపుతూ ఎల్బీ నగర్ దగ్గర దొరికాడు. కారు స్టేషన్లో పెట్టుకున్నారు. కేసు తేలేదాకా ఇవ్వరా? నా మీద కూడా కేసు వస్తుందా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో దీని మీద స్పష్టంగా తీర్పిచ్చింది. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదు. పక్కన తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే అతనికి అప్పగించాలి. లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే భద్రత కోసం స్టేషన్‌కు తీసుకెళ్లాలి. యజమాని లేదా అతను అధికారమిచ్చిన మనిషి ఆర్సీ, గుర్తింపు కార్డు, లైసెన్సు చూపించి అడిగితే ఇవ్వాలి. ప్రాసిక్యూషన్‌కు బండి అవసరమని ఉంచుకుంటే మూడు రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. ఆర్సీ మీ పేరున ఉంది కాబట్టి మీరే వెళ్లండి, తీర్పు ప్రతి జేబులో పెట్టుకుని. ఇవ్వకపోతే లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు రాయించుకోండి. హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే మొదట అడిగేది ఆ కాగితమే.

మీ మీద కేసు: సెక్షన్ 188 ప్రకారం ఈ నేరాన్ని ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష. తాగి ఉన్నాడని తెలిసి తాళంచెవి ఇస్తే ప్రమాదమే. పొద్దున ఇచ్చిన కారులో అతను రాత్రి తాగితే అది మీ నేరం కాదు.

మరో మాట. అతని లైసెన్సును పోలీసులు తీసుకుని రవాణా అధికారికి పంపుతారు. సెక్షన్ 19 కింద, అతని వాదన విన్నాక, మొదటిసారైతే మూడు నెలల సస్పెన్షన్, మళ్లీ చేస్తే రద్దు. ఆ నోటీసుకు జవాబు ఇవ్వమనండి, దాని మీద 30 రోజుల్లో అప్పీలు కూడా ఉంది. సస్పెన్షన్లో ఉండగా నడిపితే అది సెక్షన్ 182 కింద వేరే కేసు.

ప్రశ్న: తమ్ముడు తాగి కారు నడిపి ఆటోను గుద్దాడు. ఆటోలో ఒకాయనకు కాలు విరిగింది. బ్రీత్ టెస్టు చేయలేదు, ఆస్పత్రిలో డాక్టరు ‘మద్యం వాసన’ అని రాశారు. ఇన్సూరెన్సు వస్తుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇక్కడ కేసు రూపం మారిపోతుంది. ఎముక విరిగితే తీవ్ర గాయం కిందే లెక్క. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125(బి) కింద మూడేళ్ల దాకా, నిర్లక్ష్యపు డ్రైవింగుకు సెక్షన్ 281 కింద ఆరు నెలల దాకా పడవచ్చు. రెండూ బెయిలబులే. ప్రాణం పోయి ఉంటే సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల దాకా. పోలీసులు హత్య కాని ప్రాణహరణం కింద సెక్షన్ 105 పెడితే బెయిలు కష్టం, కేసు సెషన్స్ కోర్టుకు పోతుంది. మద్యం తాగి మనుషుల మీదికి పోనిచ్చిన కేసుల్లో హత్య కాని ప్రాణహరణం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012లో అలిస్టర్ పెరీరా, సంజీవ్ నందా కేసుల్లో చెప్పింది. అటువంటి కేసు ఏ వాయిదాకూ ‘పెట్టీ కేసు’ వకీలుతో నడిచేది కాదు.

వాసన విషయంలో మీకు ఒక ఊత ఉంది, ఒక దెబ్బ ఉంది. వాసన, తూలడం, కంటిపాప విప్పారడం మాత్రమే చూసి, రక్తం, మూత్రం పరీక్షించకుండా తాగాడని ఖాయం చేయలేమని 1971లో బచ్చూభాయ్ కర్యానీ కేసులో సుప్రీంకోర్టు అన్నది. సెక్షన్ 185 విషయంలో ఇది మీ వకీలుకు మంచి ఆయుధం. రక్తం తీసి ఉంటే చూడాల్సినవి వేరు: చర్మాన్ని స్పిరిటుతో తుడిచారా, సీసాలో సోడియం ఫ్లోరైడ్ కలిపారా, సీలు వేశారా, ల్యాబుకు ఎన్నాళ్లకు పంపారు. ఫ్లోరైడ్ లేని రక్తం పులిసి అంకె మారుతుంది.

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం దెబ్బ. 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ కేసులో, బ్రీత్ టెస్టు లేకపోయినా ఇతర సాక్ష్యంతో మత్తులో ఉన్నాడని కంపెనీ చూపగలిగితే సొంత కారు నష్టం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. క్రిమినల్ కేసు కొట్టేసినా క్లెయిము పోవచ్చు. ఆటోలో ఆయనకు రావాల్సిన పరిహారం వేరు: ముందు కంపెనీ కట్టి, తర్వాత కారు యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు చెప్పడం పరిపాటి. ‘థర్డ్ పార్టీ ఉందిగా’ అని నిశ్చింతగా ఉండకండి.

ప్రశ్న: కోర్టు దగ్గర ఒకాయన ‘అంతా నేను చూసుకుంటా’ అంటూ వెంటపడుతున్నాడు. మంచి వకీలును ఎలా పట్టుకోవాలి? డబ్బు లేదు.
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం వకీలు ప్రకటనలు ఇవ్వకూడదు, కేసుల కోసం మనుషులను తిప్పకూడదు. కాబట్టి వెంటపడేవాడు వకీలు కాదు, లేదా నియమం తప్పిన వకీలు. ‘జడ్జిగారితో మాట్లాడతాను’ అన్నవాడికి రూపాయి ఇవ్వకండి.

ఆ మేజిస్ట్రేటు కోర్టు హాల్లో ఒక పూట వెనక బెంచీలో కూర్చోండి. డీడీ కేసుల్లో ఎవరు చీటీ చూసి మాట్లాడుతున్నారో, ఎవరు సంతకం పెట్టించి వెళ్లిపోతున్నారో అరగంటలో తెలుస్తుంది. నచ్చినవారి ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి. ‘ఈ కోర్టులో డీడీ కేసులో విచారణ నడిపారా, లేక ఒప్పించడమేనా’ అని సూటిగా అడగండి. ఫీజు మొత్తమా, వాయిదాకింతా అన్నది వకాల్తా మీద సంతకం పెట్టకముందే కాగితం మీద రాయించుకోండి. జరిమానా కోర్టులో కట్టి రసీదు మీ చేతికి తీసుకోండి, అది ఫీజులో భాగం కాదు.

డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితం. మిగతావారికి రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి ఉంది.

కేసు పెండింగులో ఉండగా పాస్‌పోర్టు పని పడితే, ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. దరఖాస్తులో కేసు సంగతి దాచడం డీడీ కంటే పెద్ద తలనొప్పి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాడు. తాగి నడిపాడని అరెస్టు చేసి, మర్నాడు బాండు మీద వదిలారు. వీసా పోతుందా?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు క్యాలెండరు చూడమనండి. టెక్సాస్‌లో అరెస్టు రాత్రి చేతికిచ్చే పసుపో తెలుపో కాగితం, డీఐసీ-25 ఫారం, లైసెన్సు సస్పెన్షన్ నోటీసు. అది అందిన 15 రోజుల్లోపు విచారణ కోరాలి. కోరకపోతే 40 రోజుల తాత్కాలిక అనుమతి ముగిశాక లైసెన్సు దానంతటదే ఆగిపోతుంది: పరీక్షలో ఫెయిలైతే 90 రోజులు, నిరాకరించి ఉంటే 180. క్రిమినల్ కేసుకు మూడు నెలల తర్వాత వాయిదా ఇచ్చారని నిశ్చింతగా ఉంటే ఈ 15 రోజులు జారిపోతాయి. పైగా ఆ విచారణలో అరెస్టు చేసిన అధికారిని ముందుగా ప్రశ్నించే అవకాశం వకీలుకు దొరుకుతుంది.

అక్కడ హద్దు 0.08, అంటే మన లెక్కలో 80. మొదటిసారైతే క్లాస్ బీ నేరం: మూడు రోజుల నుంచి 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. 0.15 గానీ ఆపైన గానీ ఉంటే క్లాస్ ఏ: ఏడాది దాకా, 4,000 దాకా. శిక్ష పడితే దీనిమీద రాష్ట్రం మరో 3,000 డాలర్లు వేస్తుంది, 0.15, ఆపైన ఉన్నవారికి 6,000.

వీసా సంగతి. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ ఇలాంటి అరెస్టు అయిదేళ్లలోపు జరిగితే, శిక్ష పడకపోయినా, వీసాను రద్దు చేయగలుగుతోంది. ఈమెయిలు వస్తుంది. వీసా రద్దు వేరు, అక్కడ చదువుకునే హోదా వేరు. వీసా రద్దయినంత మాత్రాన రేపే బయల్దేరమని కాదు. కానీ దేశం దాటితే తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి, అప్పుడు కాన్సులేటు నియమించిన డాక్టరు దగ్గరికి పంపుతారు. కాబట్టి చెల్లి పెళ్లికి టికెట్ బుక్ చేసే ముందు ఇమిగ్రేషన్ వకీలును, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి డీఎస్ఓను కలవాలి.

‘డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకో, రికార్డు ఉండదు’ అని స్నేహితులు చెబుతారు. అంటే నేరం ఒప్పుకున్నా తీర్పు వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు ముగించే ఏర్పాటు. 2019 నుంచి టెక్సాస్‌లో 0.15 లోపు మొదటి కేసుకు అది దొరుకుతోంది, నిజమే. కానీ నేరం ఒప్పుకుని తీసుకున్న ఆ ఏర్పాటు ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో శిక్షే. విదేశీయుడికి ఈ పరిణామాలు చెప్పడం క్రిమినల్ వకీలు బాధ్యతేనని 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడీల్లా కేసులో చెప్పింది. కాబట్టి మొదటి సమావేశంలోనే ‘నేను ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాను, ఇలా నేరం ఒప్పుకుంటే నా హోదాకు ఏమవుతుంది, రాసివ్వండి’ అని మీ అబ్బాయి అడగాలి. డబ్బు లేకపోతే కోర్టు నియమించే వకీలును కోరవచ్చు, అతనికీ అదే ప్రశ్న. తర్వాత ఎప్పుడు వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపినా, అరెస్టయ్యారా అన్న ప్రశ్నకు జవాబు ‘అవును’. కేసు కొట్టేసినా అదే జవాబు, కోర్టు ఇచ్చిన ఉత్తర్వు సర్టిఫైడ్ ప్రతి పక్కన పెట్టుకుని.